బెజవాడ బెర్తు ఎవరి పద్దులో?

కృష్ణా జిల్లాలో పాత రైలు టికెట్లు పారేయని ఇళ్లు ఇంకా ఉన్నాయి. బీరువా అరలో, శుభలేఖల మధ్య, ఎల్‌ఐసీ బాండ్లు పెట్టుకున్న కవర్లో రంగు వెలిసిన ఆ కాగితాలు దొరుకుతాయి. 2000 సంవత్సరానికి అటూ ఇటూగా తీసిన టికెట్లయితే ఒకసారి పక్కపక్కన పరిచి చూడాలి. ఎడమ వైపు పై మూలన పది అంకెల పీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. అందులో మొదటి అంకె మీద వేలు పెట్టాలి. సికింద్రాబాద్‌లో బయల్దేరిన గౌతమి ఎక్స్‌ప్రెస్ టికెట్ మీద 1. హౌరా నుంచి వచ్చిన కోరమండల్ మీద 6, కాకపోతే 7. న్యూఢిల్లీ నుంచి దిగిన తమిళనాడు ఎక్స్‌ప్రెస్ మీద 2 లేదా 3. మద్రాసు నుంచి పైకి వెళ్లిన జీటీ మీద 4 లేదా 5. ముంబయిలో బయల్దేరి భువనేశ్వర్ పోయే కోణార్క్ మీద 8 లేదా 9.

అయిదు బండ్లూ విజయవాడ మీదుగా పోయేవే. అయిదు టికెట్లూ విజయవాడ స్టేషన్లో ఒకే కిటికీ దగ్గర, ఒకే క్లర్కు చేతి మీదుగా తీసినవే అయినా కావచ్చు. మొదటి అంకె మాత్రం మారిపోయింది. ఎందుకంటే ఆ బెర్తుల పద్దు విజయవాడలో లేదు. బండి బయల్దేరే చోటును బట్టి అది సికింద్రాబాద్‌లో ఉంది, కలకత్తాలో ఉంది, ఢిల్లీలో, మద్రాసులో, బొంబాయిలో ఉంది. అయిదు చోట్లా రాత్రింబవళ్లు నడిచింది ఒకే సర్వర్ ప్రోగ్రాము. కోడ్ ఒకటే, ప్రతులు అయిదు. ఒక్కో ప్రతికీ తన బండ్లు, తన పద్దు, తన అంకె.

ఇవాళ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకునే కుర్రవాళ్లు ఒక సర్వర్‌కు రెండో ప్రతిని నడపాలంటే పుస్తకం తెరిచి చదివే సూత్రాలను, బెజవాడ ప్రయాణికుడు టికెట్ కోసం లైనులో నిలబడి ఎన్నో ఏళ్లు అనుభవించాడు. ఆ కథ రిజర్వేషన్ కంప్యూటర్లకు దాదాపు వందేళ్ల ముందే మొదలైంది.

బెజవాడను జంక్షన్ చేసింది ఒక్క రైల్వే కాదు. 1888లో సదరన్ మరాఠా కంపెనీ లైను తూర్పుకు వచ్చి ఇక్కడ కలిసినప్పుడు స్టేషన్ వెలిసింది. మరుసటి ఏడాది, 1889లో, సికింద్రాబాద్ నుంచి వరంగల్లు మీదుగా నిజాం రైల్వే దిగింది. 1893 నుంచి 1896 లోపు ఈస్ట్ కోస్ట్ రైల్వే కటకం వైపు పట్టాలు పరిచింది. 1899లో మద్రాసు లైను పూర్తయింది. అంటే పన్నెండేళ్లలోపు నాలుగు దిక్కుల నుంచీ, వేర్వేరు యజమానుల చేతుల్లోంచి వచ్చిన పట్టాలు కృష్ణ ఒడ్డున ఒక్కచోట ముడిపడ్డాయి. గేజులు కూడా ఒకటి కావు. నిజాం వారిది బ్రాడ్ గేజ్, మరాఠా కంపెనీది మీటర్ గేజ్. ఒక బండిలోని సరుకు దించి ఇంకో బండికెక్కించాలి. పని ఒకటే, బండి నడపడం. యంత్రాలూ అలాంటివే, సిబ్బందీ అలాంటివారే. లెక్కల పుస్తకాలు మాత్రం ఎవరివి వారివే.

1908లో మద్రాసు, సదరన్ మరాఠా కంపెనీలు కలిసి ఎం.ఎస్.ఎం. అయ్యాయి. 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పెషావర్ నుంచి మంగుళూరుకు మొదలై, తర్వాత మద్రాసు, ఢిల్లీల మధ్య స్థిరపడింది. 1951లో సదరన్ రైల్వే వచ్చింది. 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. యజమాని మారినప్పుడల్లా బెజవాడ స్టేషన్ బోర్డు మీద రైల్వే పేరు మారింది. ఊరి పేరూ విజయవాడ అయింది. బండ్లు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, పది పదిహేను నిమిషాలు ఆగి, ఎక్కడెక్కడికో పోయేవి. ఇక్కడ బయల్దేరే బండ్ల కంటే ఇక్కడ ఆగి ముందుకు పోయే బండ్లే ఎక్కువ. రిజర్వేషన్ కష్టమంతా ఆ ఒక్క సంగతిలోనే ఉంది.

కంప్యూటర్లు రాకముందు రిజర్వేషన్ అంటే లెడ్జరు. ఒక్కో బండికి, ఒక్కో తేదీకి, ఒక్కో తరగతికి ఒక పేజీ. పేజీలో బెర్తు నంబర్ల వరస, ఎదురుగా పేరు, వయసు, టికెట్ నంబరు. ఆ లెడ్జరు క్లర్కు ముందు తెరిచి ఉన్నంతసేపూ రెండో క్లర్కు దాన్ని ముట్టుకోవడానికి లేదు. అందుకే పెద్ద స్టేషన్లలో ఫలానా బండికి ఫలానా కిటికీ అని రాసిపెట్టేవారు. ఆ కిటికీ ముందు లైను వీధిలోకి సాగినా, పక్క కిటికీ క్లర్కు ఖాళీగా కూర్చున్నా చేయగలిగిందేమీ లేదు. పుస్తకం ఒక్కటే. దాన్ని ఇద్దరు ఒకేసారి రాస్తే ఒకే బెర్తు ఇద్దరికి పోతుంది. అర్ధరాత్రి నెల్లూరు దాటాక ఎస్-5 బోగీలో ఇద్దరు పెద్దమనుషులు ఒకే బెర్తు కోసం చీట్లు చూపించుకుని కేకలేసుకోవడం ఆ తప్పుకి ఫలితం.

ఇక దారిలో ఉన్న ఊరి గతి వేరు. మద్రాసులో బయల్దేరే బండి లెడ్జరు మద్రాసులో ఉంటుంది. విజయవాడకు అందులోంచి కొన్ని బెర్తులు విడదీసి ఇచ్చేవారు, అదే కోటా. ఆ నాలుగు బెర్తులో ఎనిమిదో అయిపోతే క్లర్కు చేతిలో ఇంకేమీ లేదు. అవతల మద్రాసు పుస్తకంలో యాభై బెర్తులు ఖాళీగా ఉన్నా ఇక్కడివాడికి తెలియదు. తెలుసుకోవాలంటే తంతి కొట్టాలి. ‘వైరు ఇచ్చాం, జవాబు రావాలి’ అనే మాట ఆ రోజుల్లో స్టేషన్లోనే కాదు, పెళ్లివారింట్లోనూ వినపడేది. కాశీయాత్రకు బయల్దేరే పెద్దవాళ్లకు తిరుగు ప్రయాణం బెర్తులు ఖాయమయ్యాయో లేదో ఇల్లు వదిలే రోజుదాకా తెలియకపోవడం మామూలే.

డెల్టా ఊళ్లకు ఇది మరింత భారం. బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు వాళ్లు దూరప్రయాణానికి బెర్తు కావాలంటే ముందు బస్సెక్కి బెజవాడ రావాలి. లైనులో నిలబడాలి. కోటా అయిపోతే వైరు పెట్టించి ఇంటికి పోవాలి. రెండు రోజులాగి జవాబు కోసం మళ్లీ రావాలి. రైతుకు అది నాట్ల రోజు కావచ్చు, కోతల రోజు కావచ్చు. ఒక బెర్తు సంగతి తేల్చుకోవడానికి రెండు పనిదినాలు, రెండుసార్ల బస్సు ఖర్చు. దీన్ని ‘పాతకాలపు నిదానం’ అని ముచ్చటగా చెప్పుకోవడం అన్యాయం. ఆ రెండు పనిదినాలూ ఎవరి జేబులోంచి పోయాయో గుర్తుంచుకోవాలి.

ఇక్కడ కాసేపు బెజవాడ వదిలి అమెరికా వెళ్లాలి. 1963లో ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం ఐబీఎం 7094 యంత్రం మీద పనిచేస్తోంది. ఎవరూ పిలవకపోయినా తెరవెనుక ఉండి తన పని తాను చేసుకుపోయే ప్రోగ్రాములకు వాళ్లు ‘డీమన్’ అని పేరుపెట్టారు. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించిన ఒక చిన్న జీవి పేరది. రెండు గదుల మధ్య తలుపు దగ్గర కూర్చుని, వచ్చే అణువులను చూసి వేగంగా వచ్చేదాన్ని ఒక గదిలోకి, నెమ్మదిగా వచ్చేదాన్ని ఇంకో గదిలోకి పంపే ద్వారపాలకుడు. మనకు తెలిసిన దెయ్యానికీ దీనికీ చుట్టరికం లేదు. ప్రకాశం బ్యారేజీ దిగువన కాలవ తూము దగ్గర గొడుగు వేసుకు కూర్చుని, కబురు రాగానే షట్టరెత్తే లస్కరును తలచుకుంటే డెల్టా మనిషికి డీమన్ స్వభావం బాగా అర్థమవుతుంది. అతను ఎవరింటికీ వెళ్లి నీళ్లు కావాలా అని అడగడు. అక్కడే ఉంటాడు, ఎప్పుడూ ఉంటాడు.

డీమన్ అనే మాట యునిక్స్‌లోకి, అక్కడి నుంచి లినక్స్‌లోకి వచ్చింది. వెబ్ పేజీ ఇచ్చే సర్వర్, డేటాబేస్ సర్వర్, మెయిల్ సర్వర్ ఇవన్నీ డీమన్లే. తెర, కీబోర్డు వీటికి అక్కర్లేదు. ఒక్కోటి ఒక పోర్టు నంబరు దగ్గర కాచుకుని ఉంటుంది. వెబ్ సర్వర్‌కు 80, మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432 అలవాటైన నంబర్లు. ఒకే యంత్రం మీద అదే డేటాబేస్ సర్వర్‌ను రెండోసారి నడపాలనుకుంటే మొదట అడ్డుపడేది ఈ నంబరే. ఒక తలుపు దగ్గర ఇద్దరు కాపలాదార్లు కూర్చోలేరు, రెండోదానికి 5433 ఇవ్వాలి. నంబరు మార్చినంత మాత్రాన పని అయిపోదు. రెండో ప్రతికి తన సొంత డేటా ఫోల్డరు కావాలి. సొంత సెట్టింగుల ఫైలు, సొంత లాగ్ ఫైలు, సొంత పిడ్ ఫైలు కావాలి. పిడ్ ఫైలంటే ‘ఈ ఫోల్డరు నా చేతిలో ఉంది, నా ప్రాసెస్ నంబరు ఇది’ అని రాసిపెట్టుకున్న చీటీ. పోస్ట్‌గ్రెస్ లేవగానే ముందు ఆ చీటీ ఉందా అని వెతుకుతుంది. ఉండి, అందులోని ప్రాసెస్ బతికే ఉంటే తాను లేవనని మొరాయిస్తుంది.

ఆ మొరాయింపు ప్రాణరక్షణ. తొందరలో ఉన్నవాళ్లు ‘ఇదేదో పాత ఫైలు’ అనుకుని చెరిపేసి రెండో ప్రతిని బలవంతంగా లేపితే, రెండూ ఒకే పద్దులో రాయడం మొదలుపెడతాయి. కాసేపు అంతా బాగానే కనిపిస్తుంది. తర్వాత పద్దు చెడిపోతుంది, తిరిగి బాగుచేయలేనంతగా. ఫలానా బండికి ఫలానా కిటికీ అని బోర్డు పెట్టిన స్టేషన్ మాస్టరూ, పిడ్ ఫైలు రాయించిన ప్రోగ్రామరూ ఒకే ప్రమాదాన్ని చూసి భయపడ్డారు.

భారతీయ రైల్వే ఆ భయాన్ని యంత్రానికి అప్పగించడం 1985లో మొదలైంది. ఆ ఏడాది నవంబరులో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్‌ను ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. ప్రభుత్వ సంస్థ సీఎంసీ తయారుచేసిన ఆ వ్యవస్థ పేరు ఇంప్రెస్. నడిచింది డిజిటల్ కంపెనీవారి వ్యాక్స్ యంత్రాల మీద. లినక్స్ అప్పటికి పుట్టనే లేదు, దానికి ఇంకా ఆరేళ్లుంది. 1980ల చివరికి మద్రాసు, బొంబాయి, కలకత్తా, సికింద్రాబాద్ కూడా ఈ బాట పట్టాయి.

లాభం కళ్లకు కట్టింది. ఒక ఊళ్లో ఉన్న కిటికీలన్నీ ఒక్కసారిగా సమానమయ్యాయి. ఏ కిటికీ దగ్గరైనా ఏ బండికైనా టికెట్ తీసుకోవచ్చు. లెడ్జరు క్లర్కు ముందు నుంచి లేచి యంత్రంలోకి వెళ్లింది. ఇద్దరు క్లర్కులు ఒకే క్షణాన ఒకే బెర్తు అడిగితే ఎవరు ముందో యంత్రమే తేల్చి, రెండోవారికి ఇంకో బెర్తు చూపించేది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కీచుమంటూ టికెట్ కొట్టి ఇచ్చేది. చేతిరాతలో పేరు తప్పుపడి టీటీఈతో గొడవపడే బాధ తగ్గింది.

దారిలోని ఊరి సమస్య మాత్రం తీరలేదు. అయిదు నగరాల్లో అయిదు యంత్రాలు, అయిదు ద్వీపాలు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. దక్షిణ మధ్య రైల్వేలోని విజయవాడకు సికింద్రాబాద్ పద్దు దగ్గర. మద్రాసు పద్దు, కలకత్తా పద్దు దూరం. సర్కారు తీరం పొడవునా పోయే ముఖ్యమైన బండ్లలో చాలాభాగం ఆ దూరపు పద్దుల్లోనే ఉన్నాయి. కాబట్టి కోటా పోలేదు, వైరు పోలేదు. కంప్యూటర్ వచ్చాక కూడా ‘ఈ బండికి మా దగ్గర ఇన్నే బెర్తులు’ అనే మాట కొన్నేళ్లు వినపడింది. జంక్షన్ ఊరికే ఈ వెలితి ఎక్కువ తెలిసింది. ఢిల్లీ మనిషికి ఢిల్లీలో బయల్దేరే బండి చాలు. బెజవాడ మనిషికి అయిదు పద్దులూ కావాలి.

ఆ వెలితిని పూడ్చిన ప్రోగ్రాము పేరు కాన్సర్ట్. రైల్వేల సమాచార వ్యవస్థల కోసం 1986లో ఏర్పడిన క్రిస్ దాన్ని రాసింది. దేశంలో మొట్టమొదట దాన్ని నడిపింది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. తెలుగు నేల మీద మొదట నడిచి మిగతా నాలుగు నగరాలకు వెళ్లిన వ్యవస్థ ఇది. ఈ సంగతి మనవాళ్లలో ఎక్కువమందికి తెలియకపోవడం విచారకరం. ఫోర్ట్రాన్, సీ భాషల్లో రాసిన ఆ ప్రోగ్రాము ఓపెన్ వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. అయిదు నగరాల్లోనూ అదే ప్రోగ్రామును నిలబెట్టి, వాటి మధ్య లైన్లు వేసి, 1999 ఏప్రిల్‌కల్లా అయిదింటినీ కలిపారు.

కలిపారంటే అయిదు పద్దుల్ని ఒక పద్దు చేశారని కాదు. అసలు తెలివంతా ఇక్కడే ఉంది. అయిదు ప్రతులూ అయిదు చోట్లే ఉన్నాయి. ఏ బండి పద్దు ఆ ప్రతి దగ్గరే ఉంది. వాటి ముందు ఒక దారి చూపే పొరను పెట్టారు. విజయవాడ కౌంటర్లో క్లర్కు కోరమండల్ నంబరు కొట్టగానే ఆ అభ్యర్థన ముందు సికింద్రాబాద్ చేరుతుంది. అక్కడి సాఫ్ట్‌వేరు బండి నంబరు చూసి, ఇది నా పద్దు కాదు, కలకత్తాది అని గుర్తించి అటు పంపుతుంది. కలకత్తా ప్రతి తన పద్దు తెరిచి, బెర్తుకు తాళం వేసి, పేరు రాసి, పీఎన్‌ఆర్ ఇచ్చి తిప్పి పంపుతుంది. కృష్ణ ఒడ్డు నుంచి హుగ్లీ ఒడ్డుకు, అక్కడి నుంచి మళ్లీ ఇక్కడికి. క్లర్కు చిల్లర లెక్కపెట్టేలోపు ఆ ప్రయాణం పూర్తయ్యేది. ఆ దారి చూపే పనికి డిజిటల్ కంపెనీవారి రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్ అనే సాఫ్ట్‌వేరును వాడారు. మధ్యలో లైను తెగితే సగం రాసిన పద్దు మిగలకుండా, రాస్తే మొత్తం రాయడం, లేకపోతే అసలు రాయకపోవడం అనే కట్టుబాటును అది కాపాడింది. డబ్బు తీసుకున్నాక బెర్తు లేదనో, బెర్తు రాసుకుని టికెట్ రాలేదనో చెప్పాల్సిన దుస్థితి అలా తప్పింది.

పీఎన్‌ఆర్ మొదటి అంకె విలువ ఇప్పుడు తెలుస్తుంది. టికెట్ రద్దు చేసుకోవాలన్నా, వెయిటింగ్ లిస్టు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలన్నా, పది అంకెల్లో మొదటిదాన్ని చూడగానే ఏ ప్రతిని అడగాలో వ్యవస్థకు తెలిసిపోతుంది. అయిదింటినీ అడుగుతూ పోనక్కర్లేదు. ఉత్తరం మీద పిన్‌కోడ్ మొదటి అంకె చేసే పనే ఇది. ఈ పద్ధతిలో ఇంకో లాభం కూడా ఉంది. రెండు ప్రతులు ఒకే క్షణాన టికెట్ ఇచ్చినా వాటి నంబర్లు ఎన్నటికీ ఒకటి కావు. ఎవరి అంకె వారిది. నంబర్ల కోసం ఒకరినొకరు అడగాల్సిన పని లేకుండా పోయింది.

ఆ రోజుల్లో కౌంటర్ల దగ్గర పుట్టిన మాట ఒకటుంది, ‘లింకు లేదండీ’. లైనులో గంట నిలబడి కిటికీ దగ్గరకు చేరాక ఆ మాట వింటే ఒళ్లు మండేది. నిజమే. కానీ ఒక సంగతి చెప్పాలి. కలకత్తా వైపు లైను తెగితే హౌరా బండ్లు మాత్రమే ఆగేవి. సికింద్రాబాద్ పద్దులోని బండ్లకు టికెట్లు నడుస్తూనే ఉండేవి. పద్దులన్నీ ఒకే యంత్రంలో పోసి ఉంటే, ఆ యంత్రం పడుకున్న రోజున దేశమంతా పడుకునేది. ప్రతులను విడివిడిగా నిలబెట్టడం వల్ల దెబ్బ ఒకచోటే ఆగింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత పడిపోయిన స్తంభాలు, తెగిన తీగలు చూసిన జిల్లా ఇది. ఒక తీగ తెగితే అన్నీ ఆగిపోకూడదన్న జాగ్రత్త విలువ ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ బుకింగ్ మొదలుపెట్టింది. తొలుత టికెట్ కొరియర్‌లో ఇంటికి వచ్చేది. 2005లో ఇంట్లోనే ప్రింటు తీసుకునే ఈ-టికెట్ వచ్చింది. గుడివాడ నెట్ సెంటర్‌లో కూర్చుని జీటీకి బెర్తు తీయడం సాధ్యమైంది. బెజవాడ బస్సెక్కే పని తప్పింది. దాంతో ఇంకో రకం ప్రతుల అవసరం పుట్టింది.

కౌంటర్లలో టికెట్లు అమ్మినప్పుడు ఒకేసారి అడిగేవాళ్ల సంఖ్యకు ఒక హద్దుంది. దేశంలో ఎన్ని కిటికీలో అంతమంది. ఇంటర్నెట్‌లో ఆ హద్దు పోయింది. పొద్దున్నే తత్కాల్ తెరుచుకునే నిమిషంలో లక్షలమంది ఒకే తలుపు తడతారు. ఒక్క వెబ్ సర్వర్ ఆ తాకిడికి నిలవదు. కాబట్టి అదే సర్వర్‌ను ఎన్నో ప్రతులుగా నిలబెట్టి, వచ్చేవాళ్లను వాటి మధ్య పంచుతారు. ఈ ప్రతులకు సొంత పద్దు ఉండదు. ఎవరికి ఎవరు తగిలినా ఒకటే. ఒకటి పడిపోతే పక్కది అందుకుంటుంది. 2014లో క్రిస్ కొత్త ఈ-టికెటింగ్ వ్యవస్థను పెట్టినప్పుడు నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యం 7,200కు పెరిగింది. ఒకేసారి లోపల ఉండగల వాడుకరుల సంఖ్య 40,000 నుంచి 1,20,000కు చేరింది. 2025లో రైల్వేశాఖ మొత్తం రిజర్వేషన్ వ్యవస్థకు పెట్టుకున్న కొత్త లక్ష్యం నిమిషానికి లక్షన్నర టికెట్లు.

ఎన్ని వాకిళ్లు పెంచినా, వెనక పద్దులో బెర్తు ఒక్కటే. ‘సైటు తెరుచుకుంది, వివరాలన్నీ నింపాం, డబ్బు కట్టేలోపు వెయిటింగ్ లిస్టు వచ్చింది’ అని బాధపడేవారు చాలామంది. వాకిలి ప్రతులు వందలుంటాయి. ఎస్-5లో 23వ నంబరు బెర్తును రాసే చేయి ఒక్కటే ఉంటుంది, ఉండి తీరాలి. సర్వర్లను పెంచి తీర్చగలిగింది లైను బాధను. బెర్తుల కొరతను తీర్చాలంటే బోగీలు పెంచాలి, బండ్లు పెంచాలి. ఈ రెండింటినీ కలిపి చూసి సాఫ్ట్‌వేరును తిట్టడం వల్ల అసలు అడగాల్సిన ప్రశ్న మరుగున పడిపోతోంది.

అయిదు నగరాలకు అప్పట్లో అయిదు గదుల నిండా యంత్రాలు కావాల్సి వచ్చింది. ఇప్పుడు విజయవాడలో ఇంజినీరింగ్ చదివే విద్యార్థి అదే అమరికను తన ల్యాప్‌టాప్‌లో లినక్స్ మీద ఒక పూటలో పెట్టి చూడవచ్చు. అందుకు సాయపడేది సిస్టమ్‌డీ. 2010లో వచ్చిన ఈ ప్రోగ్రాము ఇప్పుడు చాలా లినక్స్‌లలో డీమన్లన్నిటినీ లేపి, నిద్రపుచ్చే పెద్ద. అంతకుముందు రెండో ప్రతి కావాలంటే డీమన్‌ను లేపే స్క్రిప్టును నకలు తీసి, లోపల పోర్టు, ఫోల్డరు, పిడ్ ఫైలు పేర్లు చేత్తో మార్చుకోవాల్సి వచ్చేది. అయిదు ప్రతులకు అయిదు నకళ్లు. నాలుగింట్లో మార్చి అయిదోదాంట్లో ఒక్క గీత మరిచిపోతే రెండు ప్రతులు ఒకే ఫోల్డరు మీద పడేవి. రాత్రి రెండింటికి ఫోన్ మోగేది.

సిస్టమ్‌డీలో అచ్చు ఒక్కటే రాస్తారు. ఫైలు పేరు చివర ఎట్ గుర్తు పెట్టి వదిలేస్తారు. లేపేటప్పుడు ఆ గుర్తు పక్కన ఒక పేరు రాస్తే చాలు. సికింద్రాబాద్ అని రాస్తే, అచ్చులో ఖాళీ వదిలిన ప్రతిచోటా ఆ పేరు దానంతటదే కూర్చుంటుంది. సెట్టింగుల ఫైలు సికింద్రాబాద్‌ది, డేటా ఫోల్డరు సికింద్రాబాద్‌ది, పిడ్ ఫైలు సికింద్రాబాద్‌ది. కలకత్తా అని రాస్తే ఇంకో ప్రతి లేస్తుంది. పోర్టు నంబరును మాత్రం ఆ ఊరి సెట్టింగుల ఫైలులో రాసుకోవాలి. కలకత్తా ప్రతిని ఆపినా సికింద్రాబాద్ ప్రతికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఒకటి తిండిపోతై మెమరీ అంతా మింగేయకుండా ఒక్కోదానికి హద్దు గీసే వీలుంది. శుభలేఖ అచ్చులో వధూవరుల పేర్ల చోటు ఖాళీగా వదిలి తర్వాత నింపుకునే పద్ధతే ఇది. దీన్ని ఎరిగిన విద్యార్థికి 1999 నాటి కాన్సర్ట్ ఏంచేసిందో చెప్పడానికి పది నిమిషాలు చాలు.

రిజర్వేషన్ పద్దుల్లో పేరుండటం ఎంత పెద్ద విషయమో 2023 జూన్ 2 రాత్రి తెలిసింది. హౌరా దగ్గరి షాలిమార్‌లో బయల్దేరి చెన్నై వస్తున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఒడిశాలో బాలేశ్వర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్ దగ్గర ప్రమాదానికి గురైంది. 290 మందికి పైగా చనిపోయారు. విజయవాడ స్టేషన్లో హెల్ప్‌లైన్ పెట్టారు. మనవాళ్లు ఆ బండిలో ఉన్నారా అని అడిగే గొంతులు ఆ ఫోన్లలో తెల్లవార్లూ వినిపించాయి. రిజర్వేషన్ చార్టు తీసి, విజయవాడలో దిగాల్సినవాళ్ల పేర్లు, బోగీలు, ఫోన్ నంబర్లు చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేయడానికి వీలైంది.

ఆ బండికి ముందు భాగంలో జనరల్ బోగీలున్నాయి. అందులో ఎక్కినవారు బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి దక్షిణాదికి కూలికి వస్తున్నవాళ్లు. వాళ్ల టికెట్ మీద పీఎన్‌ఆర్ ఉండదు. పేరు రాసుకున్న పద్దు కలకత్తాలో లేదు, చెన్నైలో లేదు, ఎక్కడా లేదు. వాళ్లకోసం వచ్చిన బంధువులు ఫోటోలు చేతబట్టుకుని భువనేశ్వర్ ఆసుపత్రుల చుట్టూ వారాల తరబడి తిరిగారు. చివరికి కొందరిని డీఎన్‌ఏ పరీక్షతో గుర్తించాల్సి వచ్చింది.